ప్యాకెట్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ లోపల నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పూనుకునేవారిలో చాలామందికి సాకెట్ ప్రోగ్రామింగ్‌లో అప్పటికే చేయి తిరిగి ఉంటుంది. సాకెట్ అంటే ఒక ప్రోగ్రాము నెట్‌వర్కులోకి డేటా పంపడానికీ, అక్కడి నుంచి అందుకోవడానికీ కెర్నల్ తెరిచి ఉంచే గుమ్మం. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణం నుంచి వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో స్థిరపడిన ఆ పద్ధతి నేటి ఫోన్లలోనూ, సర్వర్లలోనూ పెద్ద మార్పు లేకుండా కొనసాగుతోంది. గుమ్మానికి ఇవతల ఉన్నంతకాలం ప్రోగ్రామరుకు రెండు భరోసాలు ఉంటాయి: పొరపాటు జరిగితే ఆ ప్రోగ్రాము ఒక్కటే ఆగిపోతుంది, రావలసిన డేటా రాకపోతే అది వచ్చేదాకా ప్రోగ్రాము నిద్రపోవచ్చు. గుమ్మం దాటి కెర్నల్‌లో అడుగుపెట్టినవారికి ఈ రెండూ ఉండవు. అక్కడ ఒక్క తప్పుడు పాయింటరు యంత్రాన్నంతటినీ నిలిపివేయగలదు; కొన్నిచోట్ల క్షణంపాటు నిద్రపోవడం కూడా నిషిద్ధం.

ఈ విద్య కష్టమైనదన్న పేరు అందువల్లనే వచ్చింది. అయితే ఆ కష్టం ఎక్కడ ఉందో సరిగా పోల్చుకోలేక మధ్యలో వదిలేసినవారు కూడా తక్కువమంది కారు. సీ భాష చాలలేదేమోనని మళ్లీ సీ పుస్తకం తెరిచేవారున్నారు; టీసీపీ నియమాలన్నీ కంఠస్థమైతే తప్ప కెర్నల్ అర్థం కాదని ప్రొటోకాల్ పాఠాల్లోనే నెలలు గడిపేవారున్నారు. సీ, ప్రొటోకాల్ రెండూ రావలసిందే, సందేహం లేదు. కానీ కెర్నల్ నెట్‌వర్క్ కోడ్‌లోని అసలు చిక్కు యాజమాన్యానికి సంబంధించినది. ప్యాకెట్ అక్కడ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ పోతుంది. ఫలానా వరుస దగ్గర అది ఎవరి సొత్తు, దానికి కేటాయించిన మెమరీని తిరిగి ఇచ్చేయవలసిన బాధ్యత ఎవరిది, అదే మెమరీని ఆ క్షణంలో ఇంకెవరైనా చూస్తున్నారా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడం అలవాటైనవారికి, వేల వరుసల కోడ్ కూడా క్రమంగా తల ఒగ్గుతుంది. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఆ అలవాటు గురించే.

ఇక్కడ లినక్స్ కెర్నల్‌ను ఆధారంగా తీసుకోవడం జరిగింది. హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నల్‌లోకి టీసీపీ/ఐపీ 1992లో వచ్చి చేరింది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో పనిచేస్తున్నది ఇదే కనుక, ఈ కోడ్ ఎక్కడో దూరాన ఉన్నది కాదు. తెలుగునాట ఏ పల్లెలో ఎవరు ఆండ్రాయిడ్ ఫోన్‌తో వీడియో కాల్ చేసినా దాని ప్యాకెట్లు ఈ కోడ్ గుండానే వెళుతుంటాయి. మూలకోడ్ ఉచితంగా దొరుకుతుంది, పాత ల్యాప్‌టాప్ మీద ఆలస్యంగానైనా కంపైల్ అవుతుంది.

పద్దెనిమిది బైట్ల నమస్తే

నేర్చుకునేవారు ఒకేసారి కెర్నల్ మొత్తాన్ని చదవబోకుండా, ఒకే ఒక్క ప్యాకెట్‌ను ఎంచుకుని దాని వెంట నడవడం మేలు. 'నమస్తే' అన్న మాటను యూడీపీ ద్వారా పంపే ప్యాకెట్ అందుకు చక్కగా సరిపోతుంది. యూడీపీ అంటే అందిందా లేదా అన్న పూచీ లేకుండా సందేశాన్ని పంపేసే సరళమైన ప్రొటోకాల్. 1980లో జాన్ పోస్టెల్ రాసిన దాని ప్రమాణ పత్రం మూడు పేజీలే, ఒక్క పూటలో చదివేయవచ్చు. 'నమస్తే' కంప్యూటరుకు ఆరు సంకేతాలుగా కనిపిస్తుంది: న, మ, స, పొల్లు, త, ఏత్వం. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 18 బైట్లు. దానికి ముందు యూడీపీ హెడర్ 8 బైట్లు, దానికి ముందు ఐపీ హెడర్ 20, అన్నిటికన్నా ముందు ఈథర్‌నెట్ హెడర్ 14. హెడర్ అంటే ప్రతి పొరా తన పని కోసం ప్యాకెట్‌కు ముందు అంటించే చిరునామా చీటీ. అన్నీ కలిపితే 60 బైట్లు. చివర వచ్చే నాలుగు బైట్ల తనిఖీ సంఖ్యను పక్కన పెడితే ఈథర్‌నెట్ ఫ్రేముకు ఉండవలసిన కనీస పరిమాణం కూడా సరిగ్గా 60 బైట్లే కావడం వల్ల, ఈ ఒక్క మాట మున్ముందు చాలా విషయాలను వివరించడానికి పనికివస్తుంది.

ఈ 60 బైట్లు నెట్‌వర్క్ కార్డు నుంచి కెర్నల్‌కు చేరినప్పుడు వాటికి ప్రతినిధిగా ఒక స్ట్రక్చర్ తయారవుతుంది. దాని పేరు ఎస్‌కే బఫ్. కోడ్‌లో అంతటా ఎస్‌కేబీ అనే చిన్న పేరుతో కనిపిస్తుంది. లినక్స్ నెట్‌వర్క్ కోడ్‌కు ఇది ఆయువుపట్టు. ప్యాకెట్ బైట్లు ఈ స్ట్రక్చర్‌లో ఉండవు. వేరే మెమరీ ముక్కలో ఉంటాయి, స్ట్రక్చర్ వాటి జాడను మాత్రమే చెబుతుంది. ఆ జాడ చెప్పేవి నాలుగు గుర్తులు: మెమరీ ముక్క ఎక్కడ మొదలైందో చెప్పే హెడ్, ఎక్కడ ముగిసిందో చెప్పే ఎండ్, ప్రస్తుతం ప్యాకెట్‌ను పట్టుకున్న పొర దృష్టిలో ప్యాకెట్ ఎక్కడ మొదలైందో చెప్పే డేటా, ఎక్కడ ముగిసిందో చెప్పే టెయిల్. 64 బిట్ల యంత్రాల్లో టెయిల్, ఎండ్ రెండూ పాయింటర్లుగా గాక హెడ్ నుంచి ఉన్న దూరాలుగా నిల్వ ఉంటాయి కాబట్టి, వాటిని నేరుగా ముట్టుకోకుండా కెర్నల్ ఇచ్చిన సహాయక ఫంక్షన్ల ద్వారానే వాడాలి.

ఇక ఆ ప్యాకెట్ ప్రయాణాన్ని కాగితం మీద గీసి చూడవలసినదే. కార్డును నడిపే కోడ్ అయిన డ్రైవర్ అందుకున్నప్పుడు పొడవు 60. ఈథర్‌నెట్ హెడర్‌ను చదివిన ఫంక్షన్ డేటా గుర్తును 14 బైట్లు ముందుకు జరుపుతుంది, పొడవు 46 అవుతుంది. ఐపీ పొర తన పని ముగించుకుని మరో 20 జరుపుతుంది, 26 మిగులుతాయి. యూడీపీ ఇంకో 8 జరుపుతుంది, 18 మిగులుతాయి. 'న' అక్షరపు మొదటి బైటు ఇప్పుడు డేటా గుర్తుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇంత జరిగినా మెమరీలో ఒక్క బైటు కూడా చోటు మారలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. జరిగినది గుర్తు మాత్రమే. తీసేసినట్టు కనిపించిన హెడర్లన్నీ వెనుక ఎక్కడివక్కడే ఉన్నాయి, కావలసినవారు వెనక్కి తిరిగి వాటిని చదువుకోవచ్చు. 18 బైట్లు కాపీ అయ్యేది చివర్లో, ప్రోగ్రాము తన సాకెట్ నుంచి చదువుకున్నప్పుడు.

పంపేటప్పుడు ఇది తిరగబడుతుంది. ప్రతి పొరా డేటా గుర్తును వెనక్కి నెట్టి ముందున్న ఖాళీలో తన హెడర్ రాస్తుందని పుస్తకాలు చెబుతాయి. టీసీపీ విషయంలో అది అక్షరాలా నిజం. యూడీపీ దారిలో మాత్రం ఐపీ, యూడీపీ హెడర్లకు కావలసిన చోటును డేటాతోపాటే ఒక్కసారిగా కేటాయించి, ఈథర్‌నెట్ హెడర్‌ను మాత్రం చివర్లో ముందుకు చేరుస్తారు. పుస్తకంలోని బొమ్మకూ కోడ్‌కూ ఇలాంటి తేడా కనిపించినప్పుడు తన అవగాహనలోనే లోపం ఉందని కంగారుపడకుండా, ఆ తేడాకు కారణం వెతకడం మొదలుపెట్టినవారు చదువులో ఒక మెట్టు ఎక్కినట్టే.

'నమస్తే' బదులు 'నమ' అని మాత్రమే పంపితే బరువు 48 బైట్లకు తగ్గుతుంది, అంటే కనీస పరిమాణానికి 12 బైట్లు తక్కువ. ఆ లోటును కార్డు గానీ డ్రైవర్ గానీ పూరించాలి. పూర్వం కొన్ని డ్రైవర్లు ఆ 12 బైట్లలో ఏమి నింపాలో పట్టించుకోక, మెమరీలో అప్పటికి మిగిలి ఉన్న పాత డేటాను అలాగే తీగ మీదికి వదిలేసేవి. ఒక యంత్రపు లోపలి సమాచారం ఆ విధంగా పక్క యంత్రాలకు తెలిసిపోయేది. 2003లో ఈథర్‌లీక్ అన్న పేరుతో బయటపడిన ఈ లోపం ఎన్నో డ్రైవర్లలో ఉన్నట్టు తేలింది. ఖాళీని సున్నాలతో నింపే సహాయక ఫంక్షన్లు నేటి కోడ్‌లో కనిపించేది ఇందుకే. అందుకునే వైపు ఐపీ పొర, హెడర్‌లో రాసిన పొడవును చూసి, ఆ పూరింపు బైట్లను కత్తిరించి పారేస్తుంది. పన్నెండు బైట్లకు కూడా లెక్క చెప్పవలసిన చోటు ఇది.

బైట్ల వరుస గురించిన పొరపాటు కూడా ఈ దశలోనే అనుభవంలోకి వస్తుంది. నెట్‌వర్కు మీద పెద్ద బైటు ముందు వస్తుంది; ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో చిన్న బైటు ముందు ఉంటుంది. పోర్టు సంఖ్య 5000ను తిరగవేయకుండా నేరుగా చదివితే అది 34835గా కనిపిస్తుంది. పోర్టు 5000 కోసం రాసిన షరతు ఎందుకు పనిచేయడం లేదో తెలియక గంటలు వృథా చేసుకోనక్కరలేకుండా, కెర్నల్ ఈ రెండు రకాల సంఖ్యలకు వేర్వేరు టైపులు పెట్టింది. స్పార్స్ అనే తనిఖీ సాధనం వాటిని కలిపేసిన చోట హెచ్చరిస్తుంది. మొదటి రోజు నుంచే దాన్ని వాడాలి.

వదిలేసే బాధ్యత

ప్యాకెట్ చేతులు మారే చోట్లలో మూడింటిని లోతుగా చూస్తే మిగతావి పట్టుబడతాయి.

మొదటిది డ్రైవర్ పంపే ఫంక్షన్. కెర్నల్ ఒక ఎస్‌కేబీని డ్రైవర్ చేతికిచ్చి పంపమంటుంది. డ్రైవర్ 'సరే' అన్న విలువను తిరిగి ఇస్తే, ఆ క్షణం నుంచి ప్యాకెట్ డ్రైవర్‌దే. అది తీగ మీదికి వెళ్లినా, పాడై వెళ్లకపోయినా, దాన్ని విడుదల చేయవలసినది డ్రైవరే. 'తీరిక లేదు' అన్న విలువను తిరిగి ఇస్తే ప్యాకెట్ కెర్నల్‌దే, డ్రైవర్ దాన్ని విడుదల చేయకూడదు, దాచుకోకూడదు. ఈ రెండు వాక్యాలను తారుమారు చేయడమే కొత్తవారి డ్రైవర్లలో ఎక్కువగా కనిపించే తప్పు. ఏదో తేడా వచ్చి 'సరే' అని చెప్పి ప్యాకెట్‌ను మరచిపోతే మెమరీ కొద్దికొద్దిగా కారిపోతుంది, గంటల తరబడి ఏమీ తెలియదు. విడుదల చేసి 'తీరిక లేదు' అంటే, కెర్నల్ అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపబోయి, అప్పటికే ఇంకెవరికో కేటాయించిన మెమరీలో చేయి పెడుతుంది.

రెండవది నెట్‌ఫిల్టర్. ఫైర్‌వాల్ వంటి పనుల కోసం ప్యాకెట్ దారిలో కొన్ని మజిలీల వద్ద కెర్నల్ ఇతర కోడ్‌ను పిలిచే ఏర్పాటు ఇది. రస్టీ రసెల్ ఆధ్వర్యంలో రూపొంది 2001లో వచ్చిన 2.4 కెర్నల్‌తో వాడుకలోకి వచ్చింది. ఐపీ ప్యాకెట్‌కు ఐదు మజిలీలు ఉంటాయి: దారి నిర్ణయానికి ముందు, ఈ యంత్రంలోకి దిగేటప్పుడు, ఇటు వచ్చి అటు పోయేటప్పుడు, ఈ యంత్రం నుంచి బయలుదేరేటప్పుడు, చివరగా బయటికి అడుగుపెట్టేటప్పుడు. ప్రతి మజిలీలోనూ మన కోడ్ ఒక తీర్పు చెప్పాలి. 'పారేయి' అన్న తీర్పు చెబితే విడుదల చేసేది కెర్నల్. తీర్పు చెప్పే ముందే మన కోడ్ దాన్ని విడుదల చేసి ఉంటే అది రెండుసార్లు విడుదల అవుతుంది. 'నేను తీసుకున్నాను' అన్న తీర్పు చెబితే కెర్నల్ ఆ ప్యాకెట్ ఊసే మరచిపోతుంది, బాధ్యత అంతా మన కోడ్‌ది. తీర్పు పేర్లు చిన్నవి, వాటి వెనుక ఉన్న ఒప్పందం పెద్దది.

మూడవది మరింత సూక్ష్మమైనది. ఎస్‌కేబీలోని బైట్లన్నీ ఒకే ముక్కలో ఉండాలన్న నియమం లేదు. కొన్ని వేరే పేజీలలో ఉండవచ్చు. అందుచేత హెడర్‌ను చదివే ముందు దాని బైట్లన్నీ ముందు ముక్కలోకి వచ్చాయో లేదో కెర్నల్‌ను అడగాలి. అలా అడిగే ఫంక్షన్ పేరు పీఎస్‌కేబీ మే పుల్; కావలసిన బైట్లు లేకపోతే అది వాటిని తెచ్చి పెడుతుంది, అందుకోసం అవసరమైతే మెమరీ ముక్కనే మార్చేస్తుంది. అడగక ముందు ఐపీ హెడర్ చిరునామాను ఒక పాయింటర్‌లో పెట్టుకుని, అడిగిన తరువాత అదే పాయింటర్‌ను వాడితే, అది ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి తలుపు తట్టినట్టే. పరీక్షల్లో ఈ తప్పు సాధారణంగా బయటపడదు, ఎందుకంటే పరీక్షల్లో పంపే చిన్న ప్యాకెట్లు ఎక్కువగా ఒకే ముక్కలో ఉంటాయి. అందువల్ల ఈ ఫంక్షన్ పిలుపు కనిపించిన ప్రతిచోటా దాని కింది వరుసల్లో పాయింటర్లను మళ్లీ తీసుకున్నారో లేదో చూడటం కోడ్ చదివేవారికి నిత్యకృత్యం కావాలి.

దీనికి తోడు ఒకే డేటాను ఇద్దరు పంచుకునే సందర్భాలూ ఉంటాయి. నకలు తీసే ఫంక్షన్లలో ఒకటి స్ట్రక్చర్‌ను మాత్రమే నకలు తీసి, బైట్లను ఉమ్మడిగా ఉంచుతుంది. టీసీపీ డంప్ వంటి పరిశీలన సాధనం నడుస్తున్నప్పుడు అదే బైట్లను అది కూడా చూస్తూ ఉండవచ్చు. కాబట్టి హెడర్‌లో చిరునామా మార్చదలచుకున్న కోడ్, ముందుగా తనకు విడిగా రాసుకునే ప్రతి ఉందో లేదో చూసుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు మిగతావారికి చెప్పకుండా గోడ కట్టకూడదన్నంత సహజమైన నియమమిది.

నిద్రపోకూడని చోటు

ప్యాకెట్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు జంట ప్రశ్న ఒకటుంది: ఈ కోడ్ ఎవరి సమయంలో నడుస్తోంది? ప్రోగ్రాము సాకెట్‌లో రాసినప్పుడు నడిచే కెర్నల్ కోడ్ ఆ ప్రోగ్రాము తరఫున నడుస్తుంది. మెమరీ దొరక్కపోతే ఆగవచ్చు, నిద్రపోవచ్చు. కార్డుకు ప్యాకెట్ వచ్చినప్పుడు నడిచే కోడ్ అలాంటిది కాదు. కార్డు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ అనే పిలుపు పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పనిని ఉన్నపళంగా ఆపి ఆ పిలుపుకు జవాబిస్తుంది. ప్యాకెట్‌ను విప్పి చూసే పని మాత్రం సాఫ్ట్ ఐఆర్‌క్యూ అనే వాయిదా దశలో జరుగుతుంది. ఈ దశలో మామూలుగా పని ఏ ప్రోగ్రాముకూ చెందదు, కనుక నిద్రపుచ్చడానికి ఎవరూ ఉండరు. ఇక్కడ మెమరీ అడగవలసి వస్తే 'వెంటనే ఉంటే ఇవ్వు, లేకపోతే లేదను' అన్న అర్థమున్న జీఎఫ్‌పీ అటామిక్ గుర్తుతో అడగాలి. లేదన్న జవాబు వచ్చినప్పుడు ఏమి చేయాలో కూడా రాసి ఉంచాలి. రెండు దశలూ ఒకే డేటాను ముట్టుకుంటే, ప్రోగ్రాము తరఫున నడిచే కోడ్ లాక్ పట్టుకున్నప్పుడు అదే ప్రాసెసర్ మీద సాఫ్ట్ ఐఆర్‌క్యూ మధ్యలో చొరబడి అదే లాక్ కోసం ఎదురుచూడకుండా, దాన్ని ఆపి పట్టుకునే ప్రత్యేక లాక్ ఫంక్షన్ వాడాలి. లేకపోతే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు శాశ్వతంగా నిలబడిపోతారు.

ఈ రెండు దశల ఏర్పాటు ఎందుకు అవసరమైందో సంఖ్యలు చెబుతాయి. పైన చూసిన 'నమస్తే' ఫ్రేము తనిఖీ సంఖ్యతో కలిసి 64 బైట్లు, తీగ మీద దానికి ముందూ వెనుకా ఉండవలసిన సంకేతాలూ ఖాళీలతో కలిపి 84 బైట్ల చోటు తీసుకుంటుంది. సెకనుకు 10 గిగాబిట్ల లింకు మీద ఇలాంటివి సెకనుకు దాదాపు 1 కోటి 48 లక్షల 80 వేలు రాగలవు. అంటే ఒక్కో ప్యాకెట్‌కు 67.2 నానోసెకన్లు, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు సుమారు 200 చక్రాలు. ఇంత కొద్ది వ్యవధిలో ప్రతి ప్యాకెట్‌కూ ఒక ఇంటరప్ట్ వస్తే ప్రాసెసర్ పిలుపులకు పలకడంతోనే అలసిపోయి, ఏ ప్యాకెట్‌నూ చివరిదాకా చేర్చలేని స్థితికి వస్తుంది. జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ 1990ల నడుమ రాసిన పరిశోధన పత్రంలో ఈ స్థితిని వివరించి, దానికి పరిష్కారాలు చూపారు.

లినక్స్‌లో దీనికి దొరికిన జవాబు ఎన్‌ఏపీఐ. బంతి భోజనాల వడ్డనతో దీన్ని పోల్చుకోవచ్చు. విస్తరి ముందు కూర్చున్నవారు ఒక్కొక్కరూ పిలిచినప్పుడల్లా వంటశాల నుంచి పరుగెత్తుకు వచ్చే వడ్డనదారు నలుగురికి మించి వడ్డించలేడు. గిన్నె పట్టుకుని వరుస వెంట నడిచేవాడు బంతినంతా చూసుకోగలడు. ఎన్‌ఏపీఐలో మొదటి ప్యాకెట్ ఇంటరప్ట్‌తో పిలుస్తుంది. వెంటనే కార్డు పిలుపులను ఆపివేసి, కెర్నల్ తానే వరుస వెంట వెళ్లి ప్యాకెట్లను తీసుకుంటుంది. ఒక విడతకు మామూలుగా 64 ప్యాకెట్లు హద్దు. అంతకన్నా తక్కువే దొరికితే వరుస ఖాళీ అయిందని అర్థం. అప్పుడు పిలుపులను తిరిగి తెరుస్తుంది. హద్దు నిండితే ఇతరులకు అవకాశమిచ్చి మళ్లీ వస్తుంది. డ్రైవర్ రాసేవారు ఈ 64 లెక్కను నిజాయితీగా చెప్పాలి: పని మిగిలి ఉండగా అయిపోయిందని చెబితే ప్యాకెట్లు వరుసలో ఇరుక్కుపోతాయి.

ప్రయోగశాల, చదివే క్రమం

పని చేసుకునే యంత్రం మీద ఈ ప్రయోగాలు చేయకూడదు. క్యూఎమూ వంటి సాధనంతో ఒక వర్చువల్ యంత్రాన్ని తయారుచేసుకుని, అందులో నడిచే కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేయాలి. ఆ కెర్నల్‌లో మూడు తనిఖీలు తప్పక చేర్చాలి: విడుదలైన మెమరీని ముట్టుకుంటే పట్టుకునే కేఏసాన్, లాకుల క్రమంలో ప్రమాదాన్ని ముందే పసిగట్టే లాక్‌డెప్, నిద్రపోకూడని చోట నిద్రపోతే చెప్పే అటామిక్ స్లీప్ తనిఖీ. వీటితో యంత్రం నెమ్మదిస్తుంది. నేర్చుకునే దశలో వేగంతో పనిలేదు. మౌనంగా జరిగిపోయే తప్పును, ఫైలు పేరుతో, వరుస సంఖ్యతో సహా చూపించే సాధనాలివి, గురువు పక్కన కూర్చుని వేలు పెట్టి చూపినంత ఉపకారం చేస్తాయి.

ఒకే యంత్రంలో రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు సృష్టించి వాటిని వీఈత్ జతతో కలిపితే రెండు కంప్యూటర్లున్నట్టే పనిచేస్తాయి. నేమ్‌స్పేస్ అంటే తన చిరునామాలు, దారులు, నియమాలు తనకే ఉండే ఒక విడి నెట్‌వర్క్ లోకం. వీఈత్ అంటే ఒక చివర వేసినది రెండో చివర నుంచి వచ్చే ఊహాత్మక తీగ. ఇందులో నిజమైన కార్డు గానీ దాని ఇంటరప్టులు గానీ ఉండవని, కనీస పరిమాణం కోసం పూరింపు కూడా జరగదని గుర్తుంచుకోవాలి.

చదవడానికి లూప్‌బ్యాక్ డ్రైవర్‌తో మొదలుపెట్టడం ఉత్తమం. పంపినదాన్ని తిరిగి తనకే అందించే ఆ చిన్న ఫైలులో, పంపే వైపు నుంచి అందుకునే వైపుకు ప్యాకెట్ చేతులు మారే ఘట్టం కొద్ది వరుసల్లోనే కనిపిస్తుంది. తరువాత యూడీపీ, ఐపీ అందుకునే ఫైళ్లు. నెట్‌వర్క్ కోడ్‌కు నడుములాంటి డెవ్.సి ఫైలు పది వేల వరుసలు దాటింది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవబోవడం నిఘంటువును వరుసగా చదవడం వంటిది, అవసరమైన ఫంక్షన్‌ను వెతికి చూసుకుంటే చాలు. టీసీపీని చివరికి ఉంచాలి.

పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కెర్నల్ బయటి గుమ్మం స్థిరంగా ఉంటుంది గానీ, లోపలి ఫంక్షన్లు ఎప్పుడైనా మారవచ్చు. అది కెర్నల్ రూపకర్తలు తెలిసి పెట్టుకున్న విధానం. 2005లో వచ్చిన 'లినక్స్ డివైస్ డ్రైవర్స్' మూడవ ముద్రణలోని నెట్‌వర్క్ అధ్యాయం ఆలోచనల పరంగా ఇప్పటికీ అమూల్యమైనది; కానీ డ్రైవర్ ఫంక్షన్ల పట్టికను విడి స్ట్రక్చర్‌లోకి మార్చిన 2009 నాటి 2.6.29 కెర్నల్ తరువాత అందులోని ఉదాహరణ ఉన్నదున్నట్టుగా కంపైల్ కాదు. ఆ ఉదాహరణను నేటి కెర్నల్‌కు సరిపడేలా మార్చడమే ఒక మంచి అభ్యాసం.

పుస్తకాలకన్నా విలువైన పాఠశాల ఒకటి మూలకోడ్‌తోపాటే వస్తుంది: గిట్ చరిత్ర. నెట్ డైరెక్టరీకి పరిమితం చేసి, 'యూజ్ ఆఫ్టర్ ఫ్రీ' అన్న మాట కోసం గిట్ లాగ్‌లో వెతికితే, విడుదలైన మెమరీని వాడిన తప్పులూ వాటి దిద్దుబాట్లూ వరుసగా బయటపడతాయి. చాలావాటికి తప్పు ఎలా జరుగుతుందో, ఏ పాత మార్పుతో అది వచ్చిందో వివరంగా రాసి ఉంటుంది. వారానికి మూడు చొప్పున ఇలాంటివి తీసుకుని, దిద్దుబాటును మూసిపెట్టి వివరణ మాత్రం చదివి, తప్పు ఏ వరుసలో ఉందో ముందు తానుగా కనిపెట్టి, ఆ తరువాత దిద్దుబాటుతో పోల్చుకునేవారికి ఆరు నెలల్లో వచ్చే చూపు మరే విధంగానూ రాదు.

ఇక మొదటి ప్రయోగం. రెండు నేమ్‌స్పేస్‌ల మధ్య 'నమస్తే'ను 5000 పోర్టుకు పంపాలి, అవతల ఎవరూ వినకుండా ఉన్నప్పుడు. పంపే ముందు ఎస్‌కేబీలు పారవేతకు గురైన చోటును నమోదు చేసే ట్రేస్‌పాయింట్‌ను తెరిచి ఉంచాలి. 2022 నాటి 5.17 కెర్నల్ నుంచి అది పారవేతకు కారణాన్ని కూడా పేరుతో చెబుతుంది. ప్యాకెట్ అవతలి వైపు ఈథర్‌నెట్, ఐపీ పొరలు దాటి యూడీపీ దాకా వస్తుంది, ఆ పోర్టుకు సాకెట్ లేదని తేలుతుంది. యూడీపీ దాన్ని చేతిలో ఉంచుకుని, ముందుగా ఐసీఎంపీ అనే సమాచార ప్రొటోకాల్ ద్వారా పోర్టు అందుబాటులో లేదన్న జవాబును కొత్త ఎస్‌కేబీలో పంపించి, ఆ తరువాతనే పాతదాన్ని విడుదల చేస్తుంది. ట్రేస్‌లో కారణం 'నో సాకెట్' అని కనిపిస్తుంది. అప్పుడు పంపిన వైపు టీసీపీ డంప్‌లో ఆ జవాబును బైట్ల స్థాయిలో తెరిచి చూడాలి. 20 బైట్ల కొత్త ఐపీ హెడర్, 8 బైట్ల ఐసీఎంపీ హెడర్, వాటి వెనుక మనం మొదట పంపిన ప్యాకెట్ తన 20, 8 బైట్ల హెడర్లతో సహా ఉంటుంది. మొత్తం 74 బైట్లలో చివరి 18 బైట్ల మొదట 224, 176, 168 అన్న మూడు విలువలు, అంటే 'న' అక్షరం, దాని వెంట మిగతా మాట అంతా, ఉన్నదున్నట్టుగా తిరిగి వచ్చి ఉంటుంది.